ముహూర్తం సరే, ఫ్యాను ఎక్కడ?

చెల్లెళ్లూ, ఇల్లు కట్టాలనుకోగానే పంతులుగారి దగ్గరికెళ్లి శంకుస్థాపనకొకటి, గృహప్రవేశానికొకటి ముహూర్తాలు పెట్టించుకుంటాం. మరి ఆ రెండు తేదీల మధ్య ఏమేం జరగాలో రాసుకున్న కాగితం ఎంతమంది ఇళ్లలో ఉంటుంది చెప్పండి? "ఆర్నెల్లలో ఇచ్చేస్తానమ్మా" అంటాడు మేస్త్రీ. ఆయనే చూసుకుంటాడులే అని ఊరుకుంటాం.

ఆ కాగితం రాయడం బ్రహ్మవిద్యేం కాదు. ఇంజినీర్లు దీన్ని క్రిటికల్ పాత్ అంటారు. 1950ల చివర్లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ తన ఫ్యాక్టరీ పనుల కోసం తయారు చేయించుకున్న పద్ధతి. ఏ పని అయితేగానీ ఏది మొదలవదో వరసగా రాసుకోవాలి. పునాది, పిల్లర్లు, శ్లాబు, గోడలు, ప్లాస్టరింగు, ఫ్లోరింగు, రంగులు. ఈ వరసలో ఒక్కరోజు జారినా గృహప్రవేశం ఒకరోజు జారినట్టే. అదే కాంపౌండు గోడ వారం ఆలస్యమైతే కొంపలేం మునగవు.

ఇక్కడ మనం రాయడం మరిచేది, పని లేని రోజులు. శ్లాబు పోయడం ఒక్కరోజే. ఆ తర్వాత దాని మీద గట్లు కట్టి నీళ్లు నిలపాలి. ఐఎస్ 456 ప్రమాణం ప్రకారం ఓపీసీ (మామూలు పోర్ట్‌లాండ్) సిమెంటుకి కనీసం 7 రోజులు, ఎండలు మండుతుంటే 10. పీపీసీకి (పొజొలానా కలిపిన సిమెంటుకి) కనీసం 10, 14 అయితే మరీ మంచిది. కింద సెంట్రింగు కర్రలేమో, ఓపీసీ అయితే, 4.5 మీటర్ల లోపు శ్లాబుకి 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు కదలకూడదు. దూలాలకి 14, ఆరు మీటర్లు దాటితే 21. పీపీసీ వాడితే ఎన్నాళ్లుంచాలో ఇంజినీరుని అడగండి. కర్రలున్నన్నాళ్లూ ఆ అంతస్తులో గోడ పని సాగదు. ముహూర్తం ముంచుకొస్తోందని ముందే పీకించేరు, జాగ్రత్త!

ఇంకో సంగతి. ఆలస్యమంతా మేస్త్రీ వల్లే అనుకుంటాం గానీ, సగం మన తేల్చుకోలేనితనమే. శ్లాబుకి కడ్డీలు కట్టేశారనుకోండి. కాంక్రీటు పోసేలోగా ఎలక్ట్రీషియన్ వచ్చి పైపులు పరిచి, ఫ్యాను డబ్బాలు బిగించాలి. "అమ్మా, హాల్లో ఫ్యాను ఒకటా, రెండా? బెడ్రూంలో మంచం ఎటు వేస్తారు?" అని పైనుంచి కేకేస్తాడు. మీరు మీ ఆయనకి ఫోన్ చేస్తారు, ఆయన మీటింగులో ఉంటారు. అత్తయ్యగారు తూర్పంటారు, అబ్బాయి ఏసీ ఎక్కడంటాడు. తెల్లారితే కాంక్రీటు కలిపే మిల్లరు వచ్చేస్తుంది!

అందుకే కాగితంలో ఒక గడి మన కోసం గీసుకోండి: 'మనం ఎప్పటిలోగా చెప్పాలి'. ఫ్యాన్లు, లైట్లు శ్లాబుకి ముందు. ద్వారబంధాలు గోడలు లేచేనాటికి సిద్ధంగా ఉండాలి, కర్ర ఆరాలి కాబట్టి పునాది నాడే కలప చూసుకోవాలి. గీజరు ఎక్కడ, మిక్సీ ప్లగ్గు ఎక్కడ, వంటగట్టు ఎంతెత్తు అన్నవి గోడల్లో పైపులకి గాడి కొట్టకముందే తేలిపోవాలి. సిమెంటు మాత్రం చవగ్గా వస్తోందని ముందే కొని పడేయకండి. మూడు నెలలు నిలవుంటే బలం తగ్గిపోతుంది.

క్యాలెండరు కూడా పక్కన పెట్టుకోండి. సంక్రాంతికి కూలీలు ఊళ్లకెళ్తారు, వాళ్లకీ పండగే కదా. కోస్తాలో ఉన్నవాళ్లు అక్టోబరు, నవంబరుల్లో బయటి గోడలకి రంగులు పెట్టుకోకండి, తుపాన్ల కాలం.

ఆదివారం ఆదివారం మేస్త్రీతో పది నిమిషాలు కూర్చోండి. వచ్చే వారం ఎవరొస్తారు, ఏ సామాను కావాలి, మేం ఏం చెప్పాలి అని అడగండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి. ఇల్లు పూర్తయ్యేదాకా ఇటు అద్దె, అటు బ్యాంకు వడ్డీ, రెండూ కట్టేది మనమే కదా!