అమరుల పేరున కసరత్తు, మూత్రం డికాక్షన్ రంగు

ప్రశ్న: నా వయసు 34. ఆదోనిలో పత్తి మిల్లులో గుమాస్తాను. జులై 26న కార్గిల్ విజయ్ దివస్ నాడు అమర జవాన్ల పేరున జిమ్ మిత్రులం కలిసి ‘మర్ఫ్’ చేయాలనుకుంటున్నాం. పోయినేడు అది చేసిన స్నేహితుడికి మర్నాడు మూత్రం నల్లగా వచ్చింది. రెండు రోజులకు తగ్గింది. భయపడాలా డాక్టరు గారూ?
– ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: భయపడాల్సిందే. కసరత్తు తర్వాత మూత్రం డికాక్షన్ రంగుకు మారితే కండరాలు చితికి, వాటిలోని మయోగ్లోబిన్ రక్తంలోకి, అక్కడి నుంచి మూత్రంలోకి దిగుతోందని అనుమానించాలి. దీన్ని రాబ్డోమయోలిసిస్ అంటాం. ముదిరితే కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్ దాకా వెళ్లొచ్చు. మీ స్నేహితుడు క్రియాటినిన్ పరీక్ష చేయించుకోకుండా ఈసారి దిగకూడదు.

2005 జూన్ 28న అఫ్గానిస్థాన్‌లో మరణించిన అమెరికా నేవీ సీల్ అధికారి మైకేల్ మర్ఫీ పేరున సాగే కసరత్తు ఈ ‘మర్ఫ్’. 1.6 కిలోమీటర్ల పరుగు, 100 పుల్‌అప్‌లు, 200 పుష్‌అప్‌లు, 300 స్క్వాట్లు, మళ్లీ 1.6 కిలోమీటర్లు. పైగా ఒంటిమీద 9 కిలోల జాకెట్! ఆయనకది అలవాటైన కసరత్తు. మన అగ్నివీర్ ర్యాలీలో కూడా పరుగు 1.6 కిలోమీటర్లే, కానీ 10 పుల్‌అప్‌లకే పూర్తి మార్కులు. రోజంతా కుర్చీలో కూర్చునే మీరు దానికి పదింతలు తీస్తామంటున్నారు.

అసలు ప్రమాదం ఆ పుల్‌అప్‌లలోనే. అలవాటులేని చేతులు ఒంటి బరువును ఆపుకుంటూ కిందికి దించేటప్పుడు కండరం ఎక్కువగా దెబ్బతింటుంది. పావు వంతుతో మొదలుపెట్టి వారం వారం కొంచెంగా పెంచుకోండి. ఆ రోజుకు సగమే చేసినా చాలు. జాకెట్ వద్దు. ఎండెక్కకముందే ముగించండి, మధ్యమధ్య ఓఆర్‌ఎస్ తాగండి. జ్వరం, విరేచనాలు ఉన్నవాళ్లు ఆగిపోవాలి. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, కొలెస్ట్రాల్‌కు స్టాటిన్ మాత్రలు వాడేవాళ్లు ముందుగా తమ డాక్టరును అడగాలి. పెద్దవాళ్లు మీ ఊరి రణమండల కొండ నిదానంగా ఎక్కి రావచ్చు, అదీ నివాళే.

అన్నట్టు, కార్గిల్‌లో హైదరాబాద్‌కు చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య నేలకొరిగింది కూడా జూన్ 28నే, 1999లో. ఆయనకు మహావీర చక్ర ఇచ్చారు. పేరు పెట్టుకోవాలంటే మనకూ ఉన్నారు.

ఇక కసరత్తు తర్వాత ఒళ్లునొప్పులు అందరికీ వస్తాయి. చేతులు వాచి మోచేయి చాపలేకపోయినా, మూత్రం రంగు మారినా మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి సీపీకే, క్రియాటినిన్ పరీక్షలు చేయించండి. డైక్లోఫెనాక్ మాత్రగానీ ఇంజెక్షన్‌గానీ వేయించుకోవద్దు, కిడ్నీలకు అది మరింత చేటు.