అలలను జల్లెడ పట్టే లెక్క

హయత్‌నగర్ మీదుగా విజయవాడ పోయే రహదారి పక్కన నిలబడి చూడండి. బరువైన లారీ పోతే కాళ్ళ కింద నేల సన్నగా అదురుతుంది. ఎక్కడో దూరాన భూమి కంపించినా నేల అదురుతుంది. సిస్మోగ్రాఫ్ అనే పరికరం ఈ రెండింటినీ ఒకే గీతలో కలిపి రాస్తుంది. మరి భూకంపపు అలను వేరు చేయడం ఎలా?

హైదరాబాదు ఉప్పల్ రోడ్డులో, 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ ఉంది. భూకంపాలను పరిశీలించే అక్కడి శాస్త్రజ్ఞులకు ఇది ముఖ్యమైన ప్రశ్న. భూకంపపు తొలి అల భూమి పైపొరలో సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు పోతుంది. అది చేరిన క్షణాన్ని ఒక్క సెకను తప్పుగా గుర్తించినా దూరం లెక్కలో కిలోమీటర్ల తేడా వస్తుంది. కనుక అనవసరమైన అదురును తీసివేయాలి గాని, ఆ క్షణాన్ని చెరపరాదు.

పిండిని జల్లిస్తే మెత్తనిది కిందికి దిగుతుంది, నూక పైన మిగులుతుంది. అంకెలను ఇలా జల్లించే లెక్కను ఫిల్టరు అంటారు. హంగేరీ గణితవేత్త ఆల్‌ఫ్రెడ్ హార్ 1909లో చూపిన మార్గం అన్నిటికంటె తేలిక.

4, 4, 4, 4, 4, 12, 4, 4 అనే అంకెలను రెండేసి చొప్పున జతలు కట్టండి. జతల సగటులు 4, 4, 8, 4. ప్రతి జతలో రెండవ అంకెలోంచి మొదటిది తీసి సగం చేస్తే 0, 0, 4, 0. అదురు మూడవ జతలో ఉందని తెలిసిపోయింది! 8లోంచి 4 తీస్తే 4, 8కి 4 కలిపితే 12. పాత అంకెలు మళ్ళీ వచ్చాయి. చిన్న చిన్న తేడాలను సున్న చేసి పెద్దవాటిని ఉంచితే, గజిబిజి తగ్గుతుంది, అల వచ్చిన క్షణం నిలుస్తుంది. సగటులను మళ్ళీ మళ్ళీ జల్లిస్తే ఇంకా నిదానమైన అలలు తేలుతాయి. ఇదే వేవ్‌లెట్ పద్ధతి.

ఇప్పుడు 2, 4, 6, 8 తీసుకోండి. ఇవి నిలకడగా పెరుగుతున్నాయి, అదురేమీ లేదు. అయినా హార్ జల్లెడ 1, 1 అని తేడా చూపుతుంది! కనుక జల్లెడను మార్చుదాం. మధ్య అంకెలోంచి దాని ఇరుపక్కల అంకెల సగటు తీసివేద్దాం. 2, 6ల సగటు 4. 4లోంచి 4 పోతే 0. ఫిల్టరు రూపకల్పన అంటే ఇదే: దేనికి సున్న రావాలో ముందు నిర్ణయించుకొని, తగిన లెక్కను వెతకాలి. పాత అంకెలు తిరిగి వచ్చే దారి కూడా ఉండాలి. కొద్ది అంకెలతోనే పనిచేసే ఇటువంటి ఫిల్టర్ల కుటుంబాన్ని 1988లో ఇంగ్రిడ్ డోబెషీ ప్రకటించారు.

ఇక మీ వంతు. 3, 5, 7, 15, 11, 13, 15. రెండవ, నాలుగవ, ఆరవ అంకెలకు కొత్త జల్లెడ పట్టండి. అదురు ఎక్కడుంది? ఆ మూడు అంకెలనూ చెరిపివేసి, జల్లెడ ఇచ్చిన ఫలితాలతో వాటిని తిరిగి రాబట్టగలరా?