నెలకోసారి మీ పిల్లల నోరు తెరిపించి చూస్తున్నారా?



పరీక్ష ముందు రోజు రాత్రి పిల్లవాడు దవడ పట్టుకుని ఏడుస్తాడు. ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర వేస్తాం, పంటి కింద లవంగం పెడతాం. తెల్లారేసరికి నొప్పి తగ్గుతుంది, మనం మరచిపోతాం. నెల తర్వాత బుగ్గ వాచాక డాక్టరు దగ్గరికి పరుగెత్తుతాం. కామారెడ్డిలోనైనా ఎల్లారెడ్డిలోనైనా చాలా ఇళ్లలో జరిగేది ఇదే. పిల్లల మార్కులు నెలనెలా చూస్తాం. నోట్లోకి మాత్రం నొప్పి వచ్చేదాకా చూడం. కానీ పిల్లల నోటి జబ్బుల్లో చాలా వరకు నొప్పి కంటే ముందే కంటికి కనిపిస్తాయి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకు వెళ్లి పిల్లల్ని పరీక్షిస్తాయి. వారు చూసే జబ్బుల్లో పంటి సమస్యలు కూడా ఉన్నాయి. ప్రైవేటు బడిలో చదివే మన పిల్లలు ఆ లెక్కలోకి రారు. కాబట్టి మొదటి పరీక్ష ఇంట్లో మనమే చేసుకోవాలి.

ఎలా చూడాలి?

నెలలో ఒక ఆదివారం, బ్రష్ చేసిన తర్వాత పిల్లల్ని వెలుతురులో కూర్చోబెట్టండి. సెల్‌ఫోన్ టార్చి చాలు. ముందు పెదవులు, నోటి మూలలు చూడండి. తర్వాత పెదవి ఎత్తి ముందు పళ్లు, చిగుళ్లు, ఆపైన దవడ పళ్లు, బుగ్గల లోపలి వైపు, చివరగా నాలుక పైన, కింద. మొత్తం రెండు నిమిషాల పని.

పుచ్చు పళ్లు: ‘పాల పళ్లే కదా’ అనకండి

పాల పళ్లు 20. ముందు పళ్లు ఆరేడేళ్లకు ఊడినా, వెనక దవడ పళ్లు 10–12 ఏళ్ల దాకా ఉండాలి. అవి పుచ్చిపోయి ముందే తీసేయాల్సి వస్తే పక్క పళ్లు ఆ ఖాళీలోకి జరుగుతాయి. కింద నుంచి వచ్చే పంటికి చోటు దొరక్క అది వంకరగా వస్తుంది.

ఇంకో పొరపాటు కూడా జరుగుతుంది. ఆరేళ్ల వయసులో పాల పళ్లన్నిటికీ వెనకాల ఒక పెద్ద దవడ పన్ను వస్తుంది. దాని కోసం ఏ పాల పన్నూ ఊడదు. అందుకే అది కూడా పాల పన్నే అనుకుని వదిలేస్తాం. నిజానికి అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. ఒకటో తరగతి, రెండో తరగతి పిల్లల తల్లిదండ్రులు ఈ నెల తప్పకుండా ఆ పన్ను చూడండి. దాని గాళ్లలో తిండి ఇరుక్కోకుండా డాక్టరు ‘సీలెంట్’ అనే పూత వేయగలరు.

కామారెడ్డి బెల్లానికి పేరున్న ఊరు. ‘చక్కెర కాదు, బెల్లమే కదా’ అని పిల్లలకు ధైర్యంగా పెడతాం. కానీ నోట్లోని బ్యాక్టీరియాకు రెండూ ఒకటే. దేన్నయినా యాసిడ్‌గా మారుస్తాయి, ఆ యాసిడ్ పంటిని తినేస్తుంది. ఎంత తిన్నారన్నదాని కంటే రోజులో ఎన్నిసార్లు తిన్నారన్నది ముఖ్యం. పల్లి పట్టి భోజనంతో పాటు పెట్టండి, హోంవర్క్ చేస్తూ గంటసేపు నములుతూ కూర్చోనివ్వకండి. చిన్నపిల్లలను పాల సీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చకండి.

పంటి మీద సున్నం లాంటి తెల్ల మచ్చ కనిపించే దశలోనే తీసుకెళ్తే ఫ్లోరైడ్ వార్నిష్‌తో ఆపవచ్చు. గుంట పడితే ఫిల్లింగ్ కావాలి. నరం దాకా పోతే పాల పంటికైనా రూట్ కెనాల్ లాంటి చికిత్స, పైన క్యాప్ అవసరమవుతాయి. అదీ దాటితే పన్ను తీసేసి, ఖాళీ మూసుకోకుండా ‘స్పేస్ మెయింటెయినర్’ అనే చిన్న తీగ పెడతారు. ఒక్కో మెట్టు ఆలస్యమైన కొద్దీ పిల్లలకు బాధ, మనకు ఖర్చు పెరుగుతాయి.

మచ్చలన్నీ పుచ్చు కావు. పళ్లు తయారయ్యే వయసులో ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు తాగితే తెల్లటి, గోధుమ రంగు మరకలు వస్తాయి. ఫ్లోరైడ్ అంటే మనకు నల్లగొండే గుర్తొస్తుంది కానీ, ఎక్కడైనా సరే బోరు నీళ్లు తాగే ఇల్లు ఒకసారి పరీక్ష చేయించుకోవడం మంచిది. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి.

చిగుళ్ల నుంచి రక్తం

బ్రష్ చేస్తే రక్తం వస్తోందని పిల్లలు ఆ చోటు వదిలేస్తారు. అక్కడ పాచి పేరుకుని చిగురు ఇంకా వాస్తుంది. మెత్తటి బ్రష్‌తో ఆ చోటే నిదానంగా శుభ్రం చేయించండి. పళ్లు క్లీనింగ్ చేయిస్తే వదులవుతాయన్నది అపోహ. రెండు వారాలు బాగా తోమినా రక్తం ఆగకపోయినా, ఒంటి మీద కమిలిన మచ్చలు కనిపించినా డాక్టరును కలిసి రక్త పరీక్ష చేయించండి.

నోటి పూత, నోటి పుండ్లు

‘వేడి చేసింది’ అని మనం అనే చిన్న గుండ్రటి పుండ్లు సాధారణంగా 7 నుంచి 14 రోజుల్లో వాటంతట అవే మానుతాయి. బుగ్గ కొరుక్కోవడం, పదునైన పన్ను గీసుకోవడం, పరీక్షల ఒత్తిడి, ఐరన్, బి12 లోపం వీటికి కారణాలు కావచ్చు. కారం తగ్గించి చల్లటి పెరుగన్నం పెట్టండి. ఉమ్మడం వచ్చిన పిల్లలకు ఉప్పు నీళ్లతో పుక్కిలింపించండి. మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ వేయకండి. మాటిమాటికీ వస్తుంటే రక్త పరీక్ష అవసరం. నోటి మూలలు పగలడానికి కూడా ఐరన్, బి విటమిన్ల లోపం కారణం కావచ్చు.

నోటితో పాటు అరచేతులు, అరికాళ్ల మీద పొక్కులు వస్తే అది వైరస్ వల్ల వచ్చే అంటువ్యాధి కావచ్చు. డాక్టరుకు చూపించి, తగ్గేదాకా బడికి పంపకండి. నీళ్లు, మజ్జిగ తాగిస్తూ ఉండండి.

పాలు తాగే పసిబిడ్డ నాలుక మీద తుడిచినా పోని తెల్లపూత ఉంటే అది ఫంగస్. డాక్టరు రాసిన చుక్కల మందుతో తగ్గుతుంది. ఏడాది లోపు బిడ్డ నోట్లో తేనె రాయకండి, అది ప్రమాదం.

వక్కపొడి పొట్లం చిన్న విషయం కాదు

తీపి వక్కపొడిలో తంబాకు ఉండదని ఊరుకుంటాం. కానీ వక్క ఒక్కటే చాలు, బుగ్గల లోపలి చర్మం గట్టిపడి నోరు తెరుచుకోకుండా పోవడానికి. అది తర్వాత క్యాన్సర్‌గా మారే ముప్పు కూడా ఉంది. మామూలు కూరకే నోరు మండుతోందని పిల్లలు అంటే తేలిగ్గా తీసుకోకండి. వాళ్ల సొంత వేళ్లు మూడు, ఒకదాని మీద ఒకటిగా నోట్లో పట్టాలి. పట్టకపోతే దంత వైద్యుడికి చూపించండి. గట్టిపడిన చర్మం పూర్తిగా మునుపటిలా కాదు. అలవాటు మానిపించి, మందులు, నోటి వ్యాయామాలతో ముదరకుండా చూసుకోవాలి.

2003 నాటి చట్టం ప్రకారం బడికి 100 గజాల లోపు తంబాకు ఉత్పత్తులు అమ్మకూడదు. మన బడి దగ్గర అలాంటి అమ్మకం కనిపిస్తే ప్రిన్సిపల్‌కు చెప్పండి. బీడీలు చుట్టే ఇళ్లు మన జిల్లాలో చాలా ఉన్నాయి. ఆ చేతులతో పిల్లలకు తినిపించే ముందు సబ్బుతో కడుక్కోవాలి.

ఆటల్లో పన్ను ఊడితే

ఊడింది శాశ్వత పన్ను అయితే వేరు ముట్టుకోకుండా పై భాగం పట్టుకుని తీయండి. మట్టి ఉంటే నీళ్లలో ఒక్కసారి కడగండి, రుద్దకండి. వీలైతే అదే గుంటలో పెట్టండి, లేదంటే చల్లటి పాలలో వేసి బయలుదేరండి. అరగంటలోపు చేరితే పన్ను నిలిచే అవకాశం బాగా ఉంటుంది. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి రావాల్సి వస్తే ప్రయాణానికే గంట దాకా పట్టొచ్చు, కాబట్టి దగ్గర్లోని దంత వైద్యుడి ఫోన్ నంబరు ఇప్పుడే రాసి పెట్టుకోండి. పాల పన్ను ఊడితే తిరిగి పెట్టకూడదు.

ఆలస్యం చేయకూడని గుర్తులు

• బుగ్గ లేదా దవడ కింద వాపు, దానితో జ్వరం
• నోరు తెరవలేకపోవడం, మింగలేకపోవడం
• రెండు వారాలు దాటినా మానని పుండు, పోని మచ్చ

మొదటి రెండింటిలో ఏది కనిపించినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. ఊపిరి ఆడటం కష్టమైతే 108కి ఫోన్ చేయండి. మామూలు చికిత్సకు ఖర్చు భారమనుకుంటే ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి. పెద్ద చికిత్సలకు హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది.

రోజూ చేయాల్సింది

పొద్దున ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి ఫ్లోరైడ్ పేస్టుతో బ్రష్ చేయించండి. మూడేళ్ల లోపు పిల్లలకు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత పేస్టు చాలు. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా బ్రష్ మీ చేతిలోనే ఉండాలి. బొగ్గు, ఇటుక పొడి వద్దు, పంటి పై పొర అరిగిపోతుంది.

ఈ ఆదివారమే టార్చి వేసి చూడండి. కనిపించిన మచ్చనో గుంటనో పిల్లల డైరీలో తేదీతో రాసుకోండి. వచ్చే నెల చూసినప్పుడు పోల్చుకోవడానికి అదే ఆధారం.