లేజర్‌కు అయస్కాంతం తోడైతే: ఎంపీసీ విద్యార్థులకు ఓ పరిశోధన దారి

వర్గల్ నవోదయలోనైనా, పక్కనే గజ్వేల్ కాలేజీల్లోనైనా ఎంపీసీ చదివేవాళ్లకు 'చలించే ఆవేశాలు, అయస్కాంతత్వం' పాఠం తప్పదు. చాలామంది దాన్ని మార్కుల కోసం బట్టీ పట్టి, పరీక్ష అవగానే వదిలేస్తారు. అదే పాఠం మీద నిలబడిన పరిశోధన ఒకటుంది. ఫిజిక్స్ అంటే ఇష్టమున్నా ఇంజినీరింగ్ తప్ప మరో దారి లేదనుకునేవాళ్లు దీని గురించి తెలుసుకోవాలి.

లోహం మీద కొన్ని నానోసెకన్ల లేజర్ పల్స్ పడితే ఆ చిన్న చోటు కరిగి, ఆవిరై, ప్లాస్మాగా ఎగజిమ్ముతుంది. దాని వేగం సెకనుకు 10 కిలోమీటర్లు దాటగలదు. ఇదే లేజర్ అబ్లేషన్. ఆ ప్లాస్మా దారికి అడ్డంగా అయస్కాంత క్షేత్రం ఉంటే ఎలక్ట్రాన్లు, అయాన్లు ముందుకు సాగలేక వంపు తిరుగుతాయి. ఆవేశం లేని పరమాణువులు మాత్రం నేరుగా వెళ్లిపోతాయి. అయస్కాంత క్షేత్రం కలిగించే పీడనానికి సూత్రం 'బి స్క్వేర్ బై టూ మ్యూ నాట్', కాగితం తీసి లెక్క వేయండి. అర టెస్లాకు వచ్చే పీడనం దాదాపు మన చుట్టూ ఉన్న గాలి పీడనమంత! పుట్టిన క్షణంలో ప్లాస్మా పీడనం ఇంతకు ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి అది ఆగదు. విస్తరించేకొద్దీ పీడనం పడిపోతుంది, రెండూ సమానమయ్యే చోట నెమ్మదిస్తుంది. అక్కడ చిక్కబడి మరింత వెలుగుతుంది.

ఆ వెలుగే శాస్త్రవేత్తలకు కావాల్సింది. దాని వర్ణపటం చూసి పదార్థంలో ఏ మూలకాలున్నాయో చెప్పవచ్చు. 2023 ఆగస్టులో చంద్రయాన్-3 ప్రజ్ఞాన్ రోవర్ చంద్రుడి దక్షిణ ధ్రువ ప్రాంతంలో గంధకాన్ని ఇలాగే గుర్తించింది. అక్కడ అయస్కాంతం వాడలేదు. బలహీనమైన సంకేతాన్ని పెంచడానికి ప్రయోగశాలల్లో వాడుతున్నారు. చిప్‌ల తయారీకి కావాల్సిన 13.5 నానోమీటర్ల కాంతి కోసం తగరం బిందువులను లేజర్‌తో పేల్చినప్పుడు, ఎగిరే అయాన్ల నుంచి అద్దాలను కాపాడటానికీ ఇదే ఉపాయాన్ని పరీక్షించారు. అయితే అయస్కాంతం పెట్టగానే లేజర్‌తో లోహానికి వేసే రంధ్రం లోతుగా పడుతుందనుకోవద్దు. చిక్కబడిన ప్లాస్మా లేజర్‌కే అడ్డుపడవచ్చు. ఫెమ్టోసెకండ్ పల్స్ అయితే ప్లాస్మా విస్తరించేలోపే అయిపోతుంది. తేలని ప్రశ్నలు ఇంకా ఉన్నాయి, పీహెచ్‌డీకి అవకాశం అక్కడే.

దీనికోసం దూరం పోనక్కర్లేదు. లేజర్ అబ్లేషన్ మీద హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఏళ్లుగా పని జరుగుతోంది. బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ లేజర్‌తో లోహాలను మలిచే పద్ధతుల మీద పరిశోధిస్తుంది. గోపన్‌పల్లిలో టీఐఎఫ్‌ఆర్ పరిశోధన కేంద్రం ఉంది. 2025 ఏప్రిల్ 13న కర్నూలు దగ్గర పరీక్షించిన 30 కిలోవాట్ల లేజర్ ఆయుధాన్ని తయారు చేసింది హైదరాబాద్‌లోని డీఆర్‌డీవో ల్యాబ్ చెస్. బయటకు వెళ్లగలిగితే ఇందోర్‌లో లేజర్ పరిశోధన చేసే ఆర్‌ఆర్‌క్యాట్, గాంధీనగర్‌లో ప్లాస్మా పరిశోధన సంస్థ ఉన్నాయి.

ఇంటర్ తర్వాత సీయూఈటీ ప్రవేశ పరీక్ష ద్వారా సెంట్రల్ యూనివర్సిటీల్లో, నెస్ట్ పరీక్ష ద్వారా నైసర్ సంస్థలో చేరవచ్చు. ఊరికి దగ్గరి డిగ్రీ కాలేజీలో బీఎస్సీ చేసి ఐఐటీ జామ్ రాసినా ఫర్వాలేదు, కాలేజీ పేరు చూసి కుంగిపోకండి. ఎమ్మెస్సీ తర్వాత సీఎస్‌ఐఆర్ నెట్‌లో జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వస్తే నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం (హెచ్ఆర్ఏ) అదనం. దారి పొడవైనదే. ఇంట్లోవాళ్లకు ఆ సంగతి ముందే చెప్పి ఒప్పించండి.

ర్యాంకు కంటే చేతిపని ముఖ్యమని నా గట్టి నమ్మకం. వాక్యూమ్ పంపు నడపడం, లెన్సు సరిచేయడం, ఆసిల్లోస్కోప్ చదవడం, పైథాన్‌లో గ్రాఫ్ గీయడం వచ్చినవారికి గైడ్లు ఆనందంగా చోటిస్తారు. ఇందుకు డిగ్రీలో ఉండగానే సైన్స్ అకాడమీల సమ్మర్ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయండి. పాలిటెక్నిక్, ఐటీఐ వాళ్లు లేజర్ కటింగ్, వెల్డింగ్ యూనిట్లలో మొదలుపెట్టవచ్చు.

ల్యాబ్‌లో అడుగుపెట్టిన తొలిరోజే అక్కడి లేజర్ తరంగదైర్ఘ్యానికి సరిపడే రక్షణ కళ్లద్దాలు అడిగి తీసుకోండి. ఇలాంటి ప్రయోగాల్లో వాడే ఎన్‌డీ యాగ్ లేజర్ వెలువరించే 1064 నానోమీటర్ల కాంతి కంటికి కనిపించదు, కానీ రెటీనాను కాల్చేస్తుంది.