పాత మోటారుకారునకు వేఱు చక్రములు తొడుగుట, ఎత్తు తగ్గించుట

ఇరువది యేండ్లు నడచిన కారును అమ్మివేయక, దానికి పెద్ద రిమ్ములు బిగించి, నేలకు దగ్గఱగా దింపి, క్రొత్తదానివలె కనబడునట్లు చేయవలెనను ముచ్చట పై తరగతుల విద్యార్థులలో మిక్కుటముగా నున్నది. ఇది కేవలము వేషమునకు సంబంధించిన విషయమని తల్లిదండ్రులు తలంచుచున్నారు. అట్లు కాదు. చక్రమును, స్ప్రింగును మార్చినచో బండి యొక్క వేగమాపకము, బ్రేకు, స్టీరింగు, దీపముల చూపు అన్నియు మాఱును. మన భౌతికశాస్త్ర పాఠములలోని యంశములు ఇంత స్పష్టముగా కానవచ్చు చోటు మఱియొకటి దొరకుట అరుదు గనుక దీనిని గూర్చి కొంత విపులముగా వ్రాయుచున్నాము.

మొదట టైరుపై అచ్చొత్తిన యంకెలను చదువ నేర్వవలెను. 2000 సంవత్సరమున మన దేశమున వెలువడిన మారుతి ఆల్టో కారు టైరుపై 145/80 ఆర్ 12 అని యుండును. 145 అనునది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 80 అనగా టైరు ప్రక్కగోడ యెత్తు ఆ వెడల్పులో నూటికి 80 వంతులు, అనగా 116 మి.మీ. 12 అనునది రిమ్ము వ్యాసము, అంగుళములలో, అది 304.8 మి.మీ. రిమ్మునకు పైనొక గోడ, క్రిందనొక గోడ చేర్చినచో చక్రము మొత్తము వ్యాసము 536.8 మి.మీ. వెడల్పు మిల్లీమీటర్లలోను, రిమ్ము అంగుళములలోను చెప్పు ఈ కలగూరగంప లోకమంతట నిలిచిపోయినది. దానికి మనము చేయగలిగినది లేదు.

ఇప్పుడు 13 అంగుళముల రిమ్ము వేయ దలచినామనుకొందము. రిమ్ము పెరిగినంత మేర గోడ తగ్గవలయును. 155/65 ఆర్ 13 టైరు వ్యాసము లెక్కించిన 531.7 మి.మీ. వచ్చును. భేదము నూటికి ఒకటి కంటె తక్కువ; ఇది నిరపాయము. అట్లుగాక అందము కొరకు 165/70 ఆర్ 14 వేసినచో వ్యాసము 586.6 మి.మీ. అగును, అనగా నూటికి 9 వంతులకు పైగా ఎక్కువ. వేగమాపకము చక్రము చుట్లను లెక్కించునేగాని దూరమును చూడదు. కావున ముల్లు 60 చూపునప్పుడు కారు 65న్నర కిలోమీటర్ల వేగమున పోవుచుండును. పైగా చక్రము పెద్దదైన కొలది ఎత్తెక్కునప్పుడు లాగు బలము తగ్గును. ఈ యుదాహరణమున నూటికి 8న్నర వంతులు తగ్గినది. చిన్న ఇంజను గల పాత బండికి ఇది స్వల్ప నష్టము కాదు.

వ్యాసము సరిపోయినంత మాత్రమున రిమ్ము సరిపోదు. బోల్టుల కేంద్రములగుండ గీసిన వృత్తము వ్యాసము హబ్బుపైని దానితో ఖచ్చితముగా కలియవలెను. 100 మి.మీ. వృత్తము, 114.3 మి.మీ. వృత్తము రెండును వాడుకలో నున్నవి. రంధ్రమును ఆకురాయితో సాగదీసి బిగించువారు కలరు; అట్టి దుకాణమునుండి వెంటనే బయటికి వచ్చుట మేలు. నట్టు ముఖము కొన్నిటికి శంఖాకారముగను, కొన్నిటికి గుండ్రముగను ఉండును. ఒకదానికి మఱియొకటి వాడినచో సన్నని గీతపై మాత్రమే ఆని, కొన్నాళ్లకు వదులగును. రిమ్ము వెలుపలికి జరిగిన కొలది హబ్బు బేరింగుపై మోపు పెరుగును. తరాసు కాడ పొడుగైనట్లే. క్రొత్త రిమ్ము బిగించిన పిదప నూఱు కిలోమీటర్లలోపల నట్లను ఎదురెదురుగా మరల బిగింపవలయును.

టైరుపై కొలతల తరువాత నుండు మఱియొక యంకెను ఎవరును చూడరు. 74 అని యున్న టైరు 375 కిలోల బరువు మోయగలదు. 73 అని యున్నది 365 కిలోలు. పాతదానికంటె తక్కువ యంకె గల టైరును కొనరాదు. ఇంటిల్లిపాది యెక్కి, డిక్కీలో బియ్యపు మూటలు వేసికొని పండుగకు పోవు కారిది యని గుర్తుంచుకొనవలెను.

ఇక ఎత్తు తగ్గించుట. దీనివలన ప్రయోజనము లేకపోలేదు. బండి గరిమనాభి నేలనుండి 55 సెం.మీ. ఎత్తున, చక్రముల నడుమ వెడల్పు 130 సెం.మీ. ఉన్నదనుకొనుడు. వెడల్పులో సగమును ఎత్తుచే భాగించిన 1.18 వచ్చును. 3 సెం.మీ. దింపినచో 1.25 అగును. ఈ యంకె పెరిగిన కొలది మలుపులలో బండి తక్కువగా ఒరగును. పందెపు కార్లు నేలకు అంటుకొని యుండుటకు కారణమిదే.

అయితే దింపు విధమునందే చిక్కు కలదు. మన యూళ్లలో సులభోపాయము స్ప్రింగు చుట్టనొకదానిని కోసివేయుట. 1678లో రాబర్టు హుక్కు ప్రకటించిన నియమము విద్యార్థులెఱుగుదురు: స్ప్రింగు ఎంత ముడుచుకొనునో అంతకు తగిన బలము చూపును. 8 చుట్లు గల యొక స్ప్రింగు, 30 సెం.మీ. పొడవుగలది, 20 కిలోల బరువునకు 1 సెం.మీ. చొప్పున ముడుచుకొనుననుకొందము. 200 కిలోల బరువు మోపగా 20 సెం.మీ. అగును. ఒక చుట్ట కోసినచో పొడవు 26.25, కాని చుట్లు తగ్గినందున స్ప్రింగు గట్టిపడి, సెంటీమీటరునకు దాదాపు 22.9 కిలోలు కావలయును. అదే బరువు క్రింద 17.5 సెం.మీ.కు దిగును. కారు రెండున్నర సెంటీమీటర్లు దిగినది.

మెకానికు ఇంతవరకే చూచును. మనము మఱియొక యడుగు పోవలెను. గుంటలో పడినప్పుడు చక్రము పైకి లేచి రబ్బరు దిమ్మకు తగులువఱకు మొదట 8 సెం.మీ. చోటున్నదనుకొందము. అంతలో స్ప్రింగు ఇముడ్చుకొను పని 20ని 8 వర్గముచే గుణించి సగము చేయగా 640 కిలో-సెంటీమీటర్లు. కోసిన పిదప చోటు 5.5 సెం.మీ. మాత్రమే, పని 346. స్ప్రింగు గట్టిపడియు, దెబ్బ నోర్చు శక్తి సుమారు సగమైనది! మిగిలిన దెబ్బ దిమ్మకు, చట్రమునకు, లోపల కూర్చున్న వారి వెన్నెముకకు తగులును. ఆ చోటులోనే 640 ఇముడవలెనన్న స్ప్రింగు రెండింతలకు పైగా గట్టిదై యుండవలెను. దింపిన కార్లు కుదుపుటకు హేతువిదే. దింపుటకే ప్రత్యేకముగా చేసిన స్ప్రింగులను, వాటికి తగిన షాక్ అబ్జార్బర్లను జోడుగా కొనుట ఖర్చుతో కూడినదైనను న్యాయమైన మార్గము. గ్యాసు మంటతో స్ప్రింగును ఎఱ్ఱగా కాల్చి క్రుంగదీయు పద్ధతి అన్నిటికంటె నికృష్టము. ఉక్కునకు పెట్టిన పదును పోయి, అది ఎప్పుడు విఱుగునో చెప్పజాలము.

అంబాసిడరు కారు సంగతి వేఱు. మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి ననుసరించి, బెంగాలులోని ఉత్తరపారలో 2014 వఱకు తయారైన యీ బండికి ముందువైపున చుట్టల స్ప్రింగు లేదు. నిలువుగా సాగిన ఉక్కు కడ్డీ మెలి తిరిగి బరువు మోయును. కడ్డీ చివర పండ్లుండును. ఒక పన్ను మార్చి బిగించినచో కారు ముందుభాగము దిగును, కడ్డీ గట్టితనము మాత్రము మాఱదు. కోతయు లేదు, కాల్పును లేదు. వలదనుకొన్నచో మరల వెనుకటి పంటికి మార్చవచ్చును. మా దృష్టిలో ఇంత మర్యాదస్తురాలైన యేర్పాటు అరుదు. కాని దిమ్మవఱకు గల చోటు ఇక్కడను తగ్గునని మఱువరాదు. వెనుకవైపు కమాను కట్టలుండును. కమాను ఇరుసునకు క్రిందుగా నున్న బండ్లలో రెంటి నడుమ దిమ్మె పెట్టి, పొడవైన యూ-బోల్టులు వేసి దింపుదురు. కట్టనుండి పట్టీలు తీసివేయుట తప్పు. బరువు మిగిలిన పట్టీలపై బడి అవి విఱుగును.

దింపిన పిదప ముందు చక్రముల వాలు, మొనల వైపు మాఱును గనుక అలైన్‌మెంటు చూపింపక నడిపినచో టైరు ఒకవైపే అఱుగును. తల దీపముల చూపును సరిచూడవలెను.

చట్టమును గూర్చియు ఒక మాట. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, తయారీదారు నిర్ణయించిన వివరములకు విరుద్ధముగా బండిని మార్చుటను నిషేధించుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షనును దృఢముగా అన్వయించినది. పని మొదలిడక మునుపే రవాణా కార్యాలయమునను, బీమా కంపెనీయందును వ్రాతమూలకముగా విచారింపవలెను.

చివరకు మన రోడ్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు సూచించిన స్పీడు బ్రేకరు 17 మీటర్ల వ్యాసార్ధము గల వృత్తఖండము, అడుగు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెం.మీ. ఆల్టో ముందు వెనుక చక్రముల నడుమ 2.36 మీటర్లు. కారు సరిగా మధ్యకు వచ్చినప్పుడు దిబ్బ శిఖరము చక్రములు నిలిచిన చోటికంటె 4.1 సెం.మీ. ఎత్తుననుండును. నేలకును బండికిని నడుమ 16 సెం.మీ. ఉండగా, 4 సెం.మీ. దింపినను ఇంకను దాదాపు 8 సెం.మీ. మిగులును. అయితే మన వీథులలో దిబ్బలు ఈ కొలతలతో కట్టినవి ఎన్ని? విద్యార్థులు ఒక దారము, ఒక మీటరు బద్ద తీసికొని, బండ్లు తిరుగని వేళ పెద్దవారిని తోడుంచుకొని, తమ వీథిలోని దిబ్బ అడుగును, ఎత్తును కొలిచి, అడుగులో సగమును వర్గముచేసి ఎత్తుకు రెట్టింపుచే భాగింతురుగాక. వచ్చిన సంఖ్యకు ఎత్తులో సగము కూడినచో ఆ దిబ్బ వ్యాసార్ధము తేలును. 17 మీటర్లకు బదులు రెండు మూడు మీటర్లే వచ్చినచో, ఆ వీథిలో దింపిన కారు పొట్ట గీసికొనవచ్చును.