పోటీ పరీక్షల ప్రత్యేకం: దీర్ఘకాలిక వ్యాధులపై ఒక గ్రామీణ పరిశోధన

వడమాలపేట వంటి గ్రామీణ మండలాల్లో 30 ఏళ్లు దాటినవారి వయసు, నడుము చుట్టుకొలత, పొగాకు అలవాటు, కుటుంబ చరిత్రను ఆశా కార్యకర్తలు నమోదు చేసే సి-బ్యాక్ పత్రం, అధిక రక్తపోటు, మధుమేహం వంటి అసాంక్రమిక వ్యాధులను ముందుగా పసిగట్టేందుకు ఉద్దేశించినది. అయితే గుర్తించిన రోగిని ఏళ్ల తరబడి చికిత్సలో నిలపడమే అసలు చిక్కు.

ఈ విషయమై జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ పశ్చిమ గోదావరి జిల్లాలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలోని 54 గ్రామాల్లో స్మార్ట్‌హెల్త్ ఇండియా అధ్యయనం నిర్వహించింది. ఆశా కార్యకర్త ట్యాబ్‌లో రక్తపోటు తదితర వివరాలు ఎక్కించగా, అది గుండెజబ్బు ముప్పును లెక్కగట్టి, ముప్పు ఎక్కువగా ఉన్నవారిని వైద్యుని వద్దకు పంపమని సూచించేది. కేంద్రాలన్నీ మొదట పాత పద్ధతిలోనే సాగి, యాదృచ్ఛికంగా నిర్ణయించిన వరుసలో విడతలవారీగా కొత్త విధానంలోకి మారే ఇటువంటి నమూనాను స్టెప్‌డ్ వెడ్జ్ అంటారు. చివరికి ఏ గ్రామానికీ కొత్త సేవ అందకుండా పోదన్నది దీని సుగుణం.

2019లో వెలువడిన ఫలితాల్లో, రక్తపోటు లక్ష్యాన్ని చేరుకున్నవారి నిష్పత్తిలో పాత, కొత్త విధానాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అభ్యర్థులు తరచూ వదిలేసేది, ప్రశ్నకు అనువైనది ఈ భాగమే.