మేత తరిగితే మంద ఏమవుతుంది?

దంపతులారా! ఒక దీవి కథ వినండి.

అమెరికాలోని అలాస్కా తీరానికి దూరంగా, సముద్రం మధ్య సెయింట్ మాథ్యూ అనే దీవి ఉంది. 1944లో అక్కడ 29 మంచు జింకలను తెచ్చి వదిలారు. వేటాడే తోడేళ్లు లేవు, నేలంతా మేతే. ఇంకేం, మంద పెరిగింది. 1957 నాటికి 1,350 అయ్యాయి. 1963 నాటికి 6,000! మేత మాత్రం పెరగలేదు. మొలిచేదానికంటే మేసేది ఎక్కువైంది. జింకలు బక్కచిక్కాయి, పుట్టే పిల్లలు తగ్గాయి. ఆ చలికాలం మంచు విపరీతంగా కురిసింది. 1966లో లెక్కపెడితే మిగిలినవి 42.

తిండి, నీరు, చోటు ఉన్నంత వరకే ఏ ప్రాణి అయినా పెరిగేది. హద్దు దాటితే ఆకలీ రోగమూ తగ్గిస్తాయి.

మరి మన సంగతి? నాలుగెకరాలు నలుగురు బిడ్డలు పంచుకుంటే తలా ఎకరం. వారికీ నలుగురేసి పుడితే మనవలకు దక్కేది పాతిక సెంట్లే!

జింకకు ముందుచూపు లేదు, మనిషికి ఉంది. ఎందరు బిడ్డలు, ఎప్పుడు అన్నది భార్యాభర్తలు కలిసి ఆలోచించుకోవలసిన మాట. కాన్పుకూ కాన్పుకూ మూడేళ్ల ఎడం ఉంటే తల్లీ తేరుకుంటుంది, బిడ్డా బలంగా పెరుగుతాడు. నిరోధ్, మాత్రలు, కాపర్-టి ఆరోగ్య కేంద్రంలో ఉచితం. ఇద్దరూ కలిసి రండి, నర్సమ్మను అడగండి.